డాక్టర్ సలహా: సరిహద్దులో ఉన్న కొడుక్కి తండ్రి గుండెపోటు సంగతి చెప్పాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. నా వయసు 48 ఏళ్లు. మా అబ్బాయికి 27 ఏళ్లు, సైన్యంలో జమ్మూ వైపు పనిచేస్తున్నాడు. పహల్గాం దాడి జరిగిన వారానికి మావారికి (53) గుండెపోటు వచ్చింది. విశాఖపట్నం తీసుకెళితే స్టెంట్ వేసి నాలుగో రోజున ఇంటికి పంపారు. సెలవులు రద్దయ్యాయని అబ్బాయి అప్పుడే చెప్పడంతో ఈ సంగతి వాడికి చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా చెల్లి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించారా అని అడుగుతాడు, ఏదో చెప్పి దాటేస్తున్నాను. సరిహద్దు వార్తలు మావారి చెవిన పడకుండా కూడా చూసుకుంటున్నాను. టీవీలో సైరన్ మోత విన్నా, రాత్రి ఫోన్ మోగినా నాకు గుండె దడదడలాడి, ఛాతీ పట్టేసినట్టయి, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పది నిమిషాలకు తగ్గుతుంది. నిద్ర లేదు. ఊళ్లో చూపిస్తే బీపీ 160/100 ఉందని, నిద్రకు అల్ప్రజోలం ఇచ్చారు. పది రోజులుగా వేసుకుంటున్నాను. నాలుగేళ్లుగా వాడుతున్న బీపీ మాత్ర ఈ గొడవలో చాలా రోజులు మరిచిపోయాను. అబ్బాయికి చెప్పమంటారా?

జవాబు: అమ్మా, చెప్పండి. ఎలా చెప్పాలో కిందికి వెళ్లాక రాస్తాను. ముందు మీ ఒంటి సంగతి చూడాలి, ఎందుకంటే ఇంట్లో అందరి విషయాలూ రాశాక గానీ మీరు దాని దగ్గరికి రాలేదు.

ఒక శబ్దంతో మొదలై, దడ, బిగుతు, తిమ్మిరితో పెరిగి, పది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయే తీరు తీవ్రమైన ఆందోళన వల్ల వచ్చే పానిక్ అటాక్‌కు సరిపోతుంది. అయినా 48 ఏళ్ల వయసులో, అదుపు తప్పిన బీపీ ఉన్న మనిషి విషయంలో, ఈసీజీ తీయకముందు ఆ మాట అనడం సరికాదు. ఆడవారిలో గుండె జబ్బు ఛాతీ నొప్పితో పాటు, కొన్నిసార్లు అది లేకుండానే, ఆయాసంగానో, వీపులోనో దవడలోనో నొప్పిగానో, వికారంగానో, అంతుపట్టని నీరసంగానో కనిపిస్తుంది. ఇంట్లో ఒకరికి గుండెపోటు వచ్చాక రెండో మనిషి నొప్పిని బెంగ కింద కట్టేయడం మా వైద్యులు కూడా చేసే పొరపాటే. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఈసీజీతో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా దడ వస్తుంది. ఈలోగా ఛాతీ బరువు కూర్చున్నా తగ్గకపోయినా, చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఊపిరి అందకపోయినా, ఎవరి ఫోన్ కోసమూ ఆగకుండా 108కి కబురు చేయండి.

బీపీ మాత్ర ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మరిచిపోయిన రోజులకు బదులుగా రెండేసి వేసుకోకూడదు. ఒక్కసారి చూసిన 160/100ను బట్టి మందు మార్చడం తొందరపాటు అవుతుంది. వారం రోజుల పాటు పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఐదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చుని, ఒక నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి కాగితం మీద రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు 135/85 దాటుతుంటే మోతాదు పెంచాల్సి రావచ్చు. అల్ప్రజోలం మాత్రం పొడిగించకండి. కొద్ది వారాలకే శరీరం దానికి అలవాటుపడి, లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది. పది రోజులే కనుక, రాసిచ్చిన వారినో మీ డాక్టరునో అడిగి మెల్లగా తగ్గించి ఆపేయడం కష్టం కాదు.

సైరన్ గురించి ఒక మాట. కార్యక్రమాల్లో సైరన్ మోతలు వాడవద్దని కేంద్ర పౌర రక్షణ విభాగమే 2025 మే 10న ప్రసార మాధ్యమాలను కోరింది, ఆ శబ్దానికి ఉలిక్కిపడుతున్నది మీరొక్కరే అనుకోకండి. రోజుకు ఒకసారి, వెలుగుండగానే, పది నిమిషాలు వార్తలు చూసి టీవీ కట్టేయండి.

ఇక అసలు సంగతి. తండ్రి జబ్బు కొడుక్కి తెలియకుండా, కొడుకు ఉన్న పరిస్థితి తండ్రికి తెలియకుండా, రెండు తలుపులకూ గడియ పెట్టి మధ్యలో మీరు నిలబడ్డారు. ఫోన్ మోగితే గుండె అదరడానికి యుద్ధం ఎంత కారణమో, ఆ ఫోన్‌లో ఈసారి ఏం చెప్పి దాటేయాలా అన్న ఆలోచన కూడా అంతే కారణమని నా అభిప్రాయం. మే 10 సాయంత్రం పాకిస్తాన్‌తో కాల్పులు ఆగినా సరిహద్దులో ఉన్నవారి పని ఆ రోజుతో అయిపోలేదు కనుక, సెలవులో వచ్చాక చెబుదాం అనుకుంటే అది ఎన్నాళ్లవుతుందో తెలియదు. ఈలోగా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో 'నాన్నకు ఎలా ఉంది' అని అడిగితే, ఆ తర్వాత మీరు 'అంతా బాగానే ఉన్నాం' అన్న ప్రతిసారీ వాడికి అనుమానమే మిగులుతుంది. ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) చిరునామాకు ఉత్తరాలు రాసుకున్న కాలంలో తల్లి దుఃఖం అక్షరాల చాటున దాగేదేమో గానీ, ఫోన్‌లో గొంతు ఇట్టే పట్టిస్తుంది.

పైగా ఇది కుటుంబ వార్త మాత్రమే కాదు, మీ అబ్బాయి ఆరోగ్య చరిత్రలో రాసుకోవాల్సిన విషయం కూడా. తండ్రికి 55 ఏళ్ల లోపు గుండెపోటు వస్తే పిల్లలకు ఆ ముప్పు మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. యూనిట్‌లో వైద్య పరీక్ష జరిగేటప్పుడు వాడు ఈ మాట డాక్టరుతో చెప్పి కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోవాలి, సిగరెట్ అలవాటు ఉంటే మానాలి. వాడికి తెలియని విషయాన్ని వాడు ఎలా చెబుతాడు?

చెప్పే ముందు, ఈ సంగతి మీ నోటి నుంచే కొడుకు వింటాడని మీవారికి చెప్పి, ఆయనను పక్కనే కూర్చోబెట్టుకోండి. ఇప్పుడు మాట్లాడే వీలుందా అని అబ్బాయిని అడగండి. డ్యూటీకి వెళ్లే హడావుడిలో ఉంటే మరో పూట చెప్పవచ్చు. 'నీతో ఒక మాట చెప్పాలి' అని మొదలుపెట్టి ఏడవకండి, అక్కడ లైను తెగితే వాడి ఊహకు హద్దుండదు. మొదటి వాక్యం ఒక్కటే వినబడినా చాలేటట్టు ఉండాలి: 'మీ నాన్న ఇంట్లోనే ఉన్నారు, బాగున్నారు, నా పక్కనే కూర్చున్నారు.' ఆ తర్వాతే, పోయిన నెలాఖరున గుండెపోటు వచ్చిందనీ, స్టెంట్ వేశారనీ, ఇన్నాళ్లూ చెప్పనందుకు మీ కారణం ఏమిటో చెప్పండి. వెంటనే ఫోన్ ఆయనకు ఇవ్వండి, తండ్రి గొంతు చేసే పని మన వివరణలు చేయలేవు. కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి. ఎక్కడ ఉన్నావు, ఏం చేస్తున్నావు అని అడగకండి, వాడు చెప్పకూడదు.

ఆయన పరిస్థితి నిజంగా విషమించి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. అప్పుడు ఆసుపత్రి కాగితంతో యూనిట్ అధికారికే ముందు తెలపడం మంచిది, సెలవు సంగతి చూడగలిగేది వారే. 2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయేదాకా 'తండ్రి సీరియస్, వెంటనే బయలుదేరు' అన్న తంతి మీద సెలవులు నడిచాయి. పొలంలో దుక్కి దున్నుకుంటున్న తండ్రులు కూడా ఆ కాగితం మీద సీరియస్ అయిపోయేవారు. మీరు ఆ మాట అనవసరంగా వాడకండి.

మీవారికి ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా రెండో మాత్ర కూడా రాసి ఉంటారు. సాధారణంగా ఏడాది వాడాల్సిన ఆ జంటను పళ్ల డాక్టరు చెప్పినా సరే గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. సరిహద్దు వార్తలు ఆయనకు పూర్తిగా తెలియకుండా ఎటూ ఉండవు, మీ నోట వింటేనే నయం.

రాత్రి భయం మరీ పెరిగితే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పరీక్షలన్నీ బాగుండి కూడా దడ, నిద్రలేమి మరో మూడు వారాలు కొనసాగితే మానసిక వైద్యులను కలవండి, దానికి అలవాటుగా మారని మందులున్నాయి.

ముహూర్తం ఎందుకు ఆగిందో తెలిశాక, తేదీ నీ సెలవును బట్టి చూద్దామని అబ్బాయితోనే అనండి. మీవారి మొదటి చెకప్ కూడా అప్పటికి అయిపోతుంది. సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్లే లోపే మీ ఈసీజీ మాత్రం తీయించుకోండి.