పోలిక కనిపించగానే పొంగిపోకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఉపనిషత్తులు పాశ్చాత్య తత్వవేత్తల మీద చూపిన ప్రభావం గురించి పరిశోధన చెయ్యబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వపడ్డానో అంత గుబులూ పుట్టింది.

ముందు ఒక్క మనిషిని ఎంచుకో. జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్ చాలు. కాగితం మీద నాలుగు గడులు గీసుకో: ఏ గ్రంథం, ఏ భాషలోకి, ఏ ఏడు, ఎవరి చేతికి. 1657లో మొగలు రాకుమారుడు దారా షికో యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. దాన్ని ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ లాటిన్‌లోకి మార్చి 1801–02లో అచ్చు వేయించాడు. 1814 మార్చిలో షోపెన్‌హవర్ ఆ లాటిన్ ప్రతిని వైమార్ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నాడు. అతని మహాగ్రంథం 1818 చివర్లో వచ్చింది. 1813 నాటి అతని సిద్ధాంత వ్యాసంలోని మాటల్ని ఉపనిషత్తుల ఖాతాలో వేశావంటే, తేదీలే నిన్ను ఓడిస్తాయి.

అతను చదివింది సంస్కృతం కాదు తల్లీ. పారశీకంలోనే శంకర భాష్యపు వివరణలు మూలంతో కలిసిపోయాయి. అందుకని అతని జర్మన్ వాక్యం పక్కన సంస్కృత మంత్రం పెట్టకు, ఆ లాటిన్ పుట పెట్టు.

ఇక నా అసలు భయం. ఎజూర్ వేదం కథ నీకు ఎవరైనా చెప్పారో లేదో! 1760లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ చేతికి ఆ పేరుతో ఫ్రెంచిలో ఒక రాతప్రతి వచ్చింది. వ్యాసుడికీ సుమంతుడికీ సంభాషణ. ఒకే దేవుడని చెబుతుంది, విగ్రహారాధనను ఖండిస్తుంది. అది అలెగ్జాండర్ కంటే పాతదని నమ్మి, బైబిల్ ప్రాచీనతను ప్రశ్నించడానికి వాడుకున్నాడు. మరుసటేడు పారిస్ రాజగ్రంథాలయానికి ఇచ్చాడు. 1778లో అచ్చయింది. నాలుగేళ్లకే సొనెరా అనే యాత్రికుడు ఇది వేదం కాదు, క్రైస్తవ మిషనరీ రాసిందని బయటపెట్టాడు. తర్వాత మద్రాసులో పనిచేసిన ఆంగ్లేయ అధికారి ఎల్లిస్ పుదుచ్చేరిలో ఇలాంటి ప్రతులు మరికొన్ని చూసి వివరంగా పరీక్షించాడు. ఆ వ్యాసం 1822లో అచ్చయింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో వాదించిన ఎల్లిసే ఈయన.

వోల్టేర్‌కి తెలివి తక్కువా? తను వినాలనుకున్న మాట ఆ ప్రతి చెప్పింది, అంతే. ఆ ప్రతి ఏ పండితుడి దగ్గర దొరికింది, సంస్కృత మూలం ఎక్కడుంది అని గట్టిగా అడగలేదు. నీకూ అదే జరుగుతుందని నా బెంగ. నీకు మన గ్రంథాల మీద ప్రేమ ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. పైథాగరస్ పునర్జన్మ గురించి చెప్పాడు కాబట్టి మన దగ్గరే నేర్చుకున్నాడని రాయాలని చెయ్యి దురద పుడుతుంది. ఆ మాట ఏ దారిన అక్కడికి చేరిందో చూపించే ఆధారం లేకపోతే 'పోలిక' అని రాసి ఆపెయ్యి. ఐన్‌స్టీన్ పేరుతో చేతులు మారే గీతా ప్రశంసలకు పుట సంఖ్య దొరక్కపోతే కొట్టెయ్యి, ఎంత బాగున్నా సరే.

రాత్రుళ్లు మేలుకొని కళ్లు పాడుచేసుకోకు. మొదటి అధ్యాయం కంటే ముందు ఆ నాలుగు గడుల కాగితం నాకు పంపు.