బొమ్మల వెబ్‌సైట్ల గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పసిపిల్లల బొమ్మలు అమ్మే వెబ్‌సైట్లలో ఏవి నమ్మదగినవో తల్లిదండ్రులకు చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడిచింది. కానీ ఒక్కొక్క బ్రాండుకు ఇన్నేసి నక్షత్రాలని వేసి ఊరుకున్నావు. అవి ఎలా వచ్చాయో చదివేవారికి తెలియదు. రేపు ఆ సైటు మారితే నీ మాటకు విలువ ఉండదు. మార్కులు వేయడం మానేసి, ఎక్కడ ఏమి చూడాలో వాళ్లకు చూపించు.

ముందుగా పేజీ అడుగు భాగానికి తీసుకెళ్లు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మే సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. నవ్వే పసిపాపల ఫొటోలు ఎన్ని ఉన్నా, చివరికి ఒక్క వాట్సాప్ నంబరు తప్ప ఏమీ లేని సైటు దగ్గర ఆగిపొమ్మని నిస్సంకోచంగా రాయి.

అసలు విషయం బొమ్మ పేజీలో ఉంది కనుక నీ వ్యాసంలో సగం దానికే కేటాయించు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. 'నూరు శాతం సురక్షితం' అన్న పచ్చటి ముద్రను ఎవరైనా గీసుకోవచ్చు. ఐఎస్ఐ ముద్రకు మాత్రం పైన ప్రమాణం సంఖ్య (మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతో గానీ బ్యాటరీతో గానీ నడిచేవాటికి ఐఎస్ 15644), కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. పెట్టె వెనకవైపు ఫొటోను పెద్దది చేసి, ఆ నంబరును ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలుస్తుంది. యాప్‌లో ఒక పేరు, పెట్టె మీద ఇంకో పేరు ఉంటే కొనవద్దని చెప్పు. వెనకవైపు ఫొటోయే లేకపోతే అమ్మేవాళ్లను అడిగి తెప్పించుకోమను. ఆ జవాబు వచ్చే తీరే చాలా సంగతులు చెబుతుంది.

భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మల వంటివాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కనుక, వాటిపై ముద్ర లేదని మన కళాకారులను అనుమానించేలా రాయకు. అలాగని 'చేతితో చేసినది' అన్న మాట ప్రతి సైటుకూ రక్షణ కాదు. కొండపల్లి అంబారీ ఏనుగు కొలువులో పెట్టుకోవడానికే గాని, పళ్లొచ్చే బిడ్డ కొరకడానికి కాదు కదా!

వయసు గుర్తును మాత్రం కాస్త నిదానంగా వివరించు. 'మూడేళ్లు పైబడిన వారికి' అని ఉంటే, 'మావాడు రెండేళ్లకే చురుకు, వాడికి సరిపోతుంది' అనుకునే తల్లిదండ్రులు మనలో కోకొల్లలు. ఆ గుర్తు తెలివికి సంబంధించినది కాదు, గొంతుకు సంబంధించినది. సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా మూడేళ్ల లోపు బిడ్డకు ప్రమాదమే. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ అయితే దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో ఫొటోలో చూసుకోమను.

'పుట్టినరోజు క్లబ్బు' పేరుతో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఫొటో అడిగే సైట్లను కూడా ఒక పేరాలో ప్రస్తావించు. 2015లో పిల్లల ఎలక్ట్రానిక్ బొమ్మలు తయారుచేసే వీటెక్ సంస్థ సర్వర్లలోకి ఎవరో చొరబడినప్పుడు లక్షలాది పిల్లల వివరాలు బయటపడ్డాయి. మన 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కానీ చట్టం ఉందని ఊరుకోకుండా, బొమ్మ కొనడానికి అక్కరలేని గడిని ఖాళీగా వదిలేయమని రాయి.

ఇక భాష సంగతి. 'నాణ్యతను నిర్ధారించుకోండి' అంటే బిడ్డను చంకనేసుకుని ఫోను చూస్తున్న తల్లికి ఏమీ అందదు. 'పెట్టె వెనక ఫొటో తెరవండి' అంటే వెంటనే వేలు కదుపుతుంది. ఏ బ్రాండైనా నీకు ఉచితంగా బొమ్మ పంపితే ఆ మాట మొదటి పేరాలోనే చెప్పు. ఈసారి నక్షత్రాలన్నీ తీసేసి, చెక్క రింగుల బొమ్మ ఒక్కటి తీసుకుని, మొదటి పేజీ నుంచి లైసెన్సు నంబరు దాకా వరుసగా రాసి పంపు. మోసపోయినవారు ఫోను చేయాల్సిన వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915ను చివర్లో చేర్చడం మరచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు