గుండు కొట్టిస్తే ఉంగరాల జుట్టు సాఫీగా వస్తుందా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. 2017లో ఇథియోపియా నుంచి పాపను దత్తత తెచ్చుకున్నాం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. జుట్టు బాగా రింగులు. రోజూ బడికి పంపేముందు దువ్వాలంటే ఏడుపే. స్మూతెనింగ్ చేయించమని స్నేహితులు, వేసవిలో తిరుపతి తీసుకొచ్చి గుండు కొట్టిస్తే సాఫీగా వస్తుందని అత్తగారు. మొన్న పాప "నీలాంటి జడ నాకెందుకు రాదమ్మా?" అంది. నోట మాట రాలేదు.

జవాబు: గుండు సంగతి ముందు తేల్చేద్దాం. వెంట్రుక మెలి తిరగడం కుదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది. కుదురేమో చర్మం లోపల, కత్తి నడిచేది పైపైన. ఎన్నిసార్లు గీయించినా మళ్లీ అవే ఉంగరాలు. ఇక స్మూతెనింగ్ రసాయనాలు ఘాటైనవి, ఆ వయసు పిల్లకు అసలు వద్దు.

ఏడుపు సంగతికొస్తే, పొడి జుట్టును కుదుళ్ల నుంచి కిందికి లాగి దువ్వుతున్నారేమోనని నా అనుమానం. మన జుట్టుకు అలవాటైన చెయ్యి అదే చేస్తుంది. రింగుల జుట్టులో మాడు మీద ఊరే జిడ్డు కొసలదాకా జారదు. అందుకే పొడిబారుతుంది, దువ్వితే తెగుతుంది. రోజూ దువ్వడం మానేయండి. వారానికో పది రోజులకో తలంటండి. కుంకుడుకాయ మాత్రం వద్దు, ఉన్న కాస్త జిడ్డూ లాగేస్తుంది. తడి తలకు కండిషనర్ దట్టంగా పట్టించి, నాలుగు భాగాలు చేసి, ఒక్కో పాయనూ పైన గట్టిగా పట్టుకుని కొసల నుంచి పైకి చిక్కు తీయండి. ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో. అది కడిగేశాక, తల ఆరకముందే, కడగక్కర్లేని (లీవ్-ఇన్) కండిషనర్, దానిమీద కాస్త నూనె రాసి జడలు అల్లేస్తే వారమంతా దువ్వెన ముట్టక్కర్లేదు. రాత్రి శాటిన్ టోపీ పెట్టండి. నూలు గలేబు తేమంతా పీల్చేస్తుంది. జడ బిగువైతే, పిల్ల నొప్పి అన్న వెంటనే విప్పేయండి. అలా లాగీ లాగీ నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది.

మీ వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో, పక్క రాష్ట్రం మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఇథియోపియా వాళ్లు చాలామంది ఉన్నారు. మాడుకు అంటించి సన్నగా అల్లే షురుబా జడలు వాళ్ల ఇళ్లలో మామూలే. మన అమ్మమ్మలు ఆముదం పట్టించినట్టు వాళ్లు తలకు వెన్న రాస్తారు. డబ్బులిచ్చి అల్లించుకోండి, పక్కనే కూర్చుని నేర్చుకోండి. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలు ఆపేసింది, కాబట్టి మీ పాపలా అక్కడి నుంచి దత్తత వచ్చే పిల్లలు ఇక దాదాపు ఉండరు. తనలాంటి జుట్టున్న ఆడవాళ్ల మధ్య గడపడం ఆ పిల్లకు అవసరం, అది కాస్మెటిక్స్ షాపులో దొరకదు. బడిలో ఎవరైనా జడలకు అభ్యంతరం పెడితే గట్టిగా మాట్లాడండి. జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని వర్జీనియాలో 2020 నుంచి చట్టం ఉంది.

పాప ప్రశ్నకు నిజమే చెప్పండి: "నిన్ను కన్నమ్మ వైపు నుంచి వచ్చిన జుట్టు ఇది, దీన్ని ఎలా చూసుకోవాలో నేను నేర్చుకుంటున్నాను." పెద్దయ్యాక సాఫీ అవుతుందని మాత్రం ఊరించొద్దు. దువ్వేటప్పుడు మీరు విడిచే నిట్టూర్పులు కూడా అద్దంలో కనిపిస్తాయి సుమా.

అత్తగారికి చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. పిల్ల ముందు జుట్టు మాట ఎత్తొద్దని ఫోన్లోనే చెప్పాలి, తిరుపతి వచ్చాక కాదు. అది మొక్కే అయితే పాపను అడగండి. ఒప్పుకుంటే మూడు కత్తెరలు చాలు. ఒప్పుకోకపోతే మొక్కుకున్నది ఆవిడే కదా, తలనీలాలు ఆవిడే ఇచ్చుకోవచ్చు.