సొంత శైలి కోసం ఉద్యోగం మానేసిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

ఉద్యోగం మానేశావట. ఏడాది పాటు ఇంట్లో కూర్చుని 'నాదంటూ ఒక శైలి' తయారు చేసుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగా ఉంది. మన ఇంట్లో నా తర్వాత ఈ డిజైన్ పనిని ఇంత గట్టిగా పట్టుకున్నది నువ్వొక్కదానివే. ఇంకో పక్క భయంగానూ ఉంది. ఆ భయం ఫోన్లో చెబితే నువ్వు సగంలోనే "సరేలే పెద్దమ్మా" అంటావు. అందుకని రాస్తున్నాను. చివరిదాకా చదివాకే ఫోన్ చెయ్యి.

మామూలు జాగ్రత్తలు ముందే చెప్పేస్తాను. ఏడాదికి సరిపడా డబ్బు విడిగా పెట్టుకో. ఫైళ్లు రెండు చోట్ల దాచుకో. ఏ పని ఒప్పుకున్నా ముందు కాగితం రాయించుకో. వేళకి తిను, వేళకి పడుకో. ఇవి నీకు తెలియనివి కావు.

నువ్వు పంపిన పోర్ట్‌ఫోలియో, అదే నీ పనులన్నీ పేర్చిన పుస్తకం, చూశాను. చూడగలిగినంత చూశాను. తెల్లటి పేజీ, దాని మీద లేత బూడిద రంగులో సన్నసన్నటి అక్షరాలు. కళ్లద్దాలు మార్చాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను, అయినా మూడో పేజీలో ఏముందో ఇప్పటికీ తెలీదు. ఎవరికోసం వేశావమ్మా అవి? నీ ఈడు డిజైనర్లు తెర మీద పెద్దవి చేసుకుని చూసి మెచ్చుకుంటారు. మరి చదవాల్సిన మనిషి సంగతేంటి? అవును, కోపంగానే అడుగుతున్నాను. నా ఉద్యోగమంతా మందుల పెట్టెల మీద అక్షరాలు పేర్చడంలోనే గడిచిందని నీకు తెలుసు. ఎవరో ముసలావిడ రాత్రిపూట మసక వెలుతురులో మోతాదు తప్పు చదువుతుందేమోనన్న భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా సలహాలన్నీ ఆ భయంలోంచే వస్తాయి. అది మనసులో పెట్టుకుని చదువు.

అచ్చు అక్షరాల రూపాలు గీసే మాథ్యూ కార్టర్ పేరు నువ్వు వినే ఉంటావు. 1970ల్లో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ తన టెలిఫోన్ డైరెక్టరీల కోసం ఆయన్ని కొత్త అక్షరాలు గీయమంది. చవకరకం పల్చటి కాగితం, జోరుగా తిరిగే ప్రెస్సు, ఆరు పాయింట్ల సైజు, అంటే మరీ చిన్న అక్షరాలు. అలాంటి చోట గీతలు కలిసే ప్రతి మూలలోనూ సిరా నిండిపోతుంది, అక్షరం ముద్దయిపోతుంది. కార్టర్ ఆ మూలల్ని ముందే లోపలికి చెక్కేసి పెట్టాడు. ఆ అక్షరాన్ని పెద్దది చేసి చూస్తే ఎలక కొరికినట్టు ఉంటుంది. అచ్చులో మాత్రం సిరా పాకి ఆ గంట్లని నింపుతుంది, అక్షరం శుభ్రంగా నిలబడుతుంది. 1978లో వచ్చిన ఆ ఫాంటు పేరు బెల్ సెంటెనియల్. ఇప్పుడు అవే గంట్లు పెద్దపెద్ద పోస్టర్ల మీద, యాప్‌ల పేర్ల మీద అందం కోసం పెడుతున్నారు. నీ పోర్ట్‌ఫోలియోలో కూడా ఒక చోట ఉన్నాయి. అక్కడ ఏ సిరా పాకుతుందని పెట్టావు?

అదే కార్టర్ 1996లో వచ్చిన వర్డానా కూడా గీశాడు. అది కంప్యూటర్ తెర కోసం. ఆ రోజుల్లో తెర మీద చుక్కలు చాలా ముతకగా ఉండేవి కాబట్టి అక్షరాలు వెడల్పుగా, వాటి మధ్య ఖాళీ ఎక్కువగా ఉండేలా చూశాడు. ఈ రెండు ఫాంట్లూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయని ఎవరూ అనుకోరు. కలిసేదల్లా ఒక్కటే, ఆయన వేసుకున్న ప్రశ్న: దీన్ని దేని మీద, ఏ పరిస్థితిలో చదువుతారు? కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన నెదర్లాండ్స్‌లో ఒక ముద్రణాలయంలో ఉక్కు ముక్కల మీద చేత్తో అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాడు. ఆ చేతి పని అంతరించిపోయే కాలంలో నేర్చుకుని, తర్వాత ఫోటో పద్ధతిలో కూర్చే అక్షరాలకి, ఆపైన కంప్యూటర్‌కి మారాడు. పనిముట్టు మారినప్పుడల్లా ఆ ప్రశ్ననే మళ్లీ వేసుకున్నాడు. శైలి అని నువ్వు వెతుకుతున్నది అక్కడ ఉందని నేను నమ్ముతున్నాను. నువ్వేమో రంగుల్లో, గీతల్లో వెతుకుతున్నావు.

ఇప్పుడు నీకొక పాత బాకీ తీర్చాలి. చిన్నప్పుడు నా టేబుల్ దగ్గర కూర్చుని ఆ కుర్చీల పుస్తకం తిరగేసేదానివి, గుర్తుందా? చార్లెస్ ఈమ్స్, ఈరో సారినెన్ అనే ఇద్దరు అమెరికా డిజైనర్లు కలిసి చేసిన కుర్చీ బొమ్మ దగ్గర ఆగిపోయేదానివి. వాళ్లకి పోటీలో మొదటి బహుమతి వచ్చిందని చెప్పాను, నువ్వు చప్పట్లు కొట్టావు. కథ సగంలో ఆపేశాను. మిగతా సగం నీకిప్పుడు పనికొస్తుంది.

ఆ పోటీ 1940లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టింది. వీళ్ల ఆలోచన చూడముచ్చటైనది. కూర్చునే భాగం, వీపు ఆనుకునే భాగం, చేతులు, అన్నీ కలిపి ఒకే ప్లైవుడ్ తొడుగు. అతుకు లేకుండా మనిషి ఒంటికి తగ్గట్టు అన్ని వైపులా వంగి ఉంటుంది. డ్రాయింగులు చూసి న్యాయనిర్ణేతలు బహుమతి ఇచ్చారు. తయారు చెయ్యబోతే ప్లైవుడ్ మాట వినలేదు. పల్చటి చెక్క పొరలు ఒక వైపుకి వంచితే వంగుతాయి. ఒకే చోట రెండు వైపులకీ వంచితే చిట్లిపోతాయి. చిట్లిన కుర్చీలకి చేత్తో మరమ్మతులు చేసి, ఆ పగుళ్లు కనపడకుండా పైన మెత్తలు వేసి గుడ్డ తొడిగారు. తక్కువ ధరకి వేలల్లో తయారవ్వాల్సిన కుర్చీ అలా ఒక్కొక్కటిగా చేతి పని అయి కూర్చుంది.

తప్పు ఎక్కడ జరిగిందో చూశావా? రూపం ముందే తేల్చేసుకున్నారు. చెక్కని తర్వాత అడిగారు. తప్పు అందంగా ఉన్నప్పుడు దానికి బహుమతులు కూడా వస్తాయి, అందుకే అది ఎక్కువ ప్రమాదం. నీ బూడిదరంగు పేజీలకి ఎంతమంది శభాష్ అన్నారో మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ కథ ఇంత సాగదీస్తున్నాను.

ఆ తర్వాత చార్లెస్ చేసిన పని నాకు బహుమతి కంటే గొప్పగా అనిపిస్తుంది. ఆ పోటీకి డ్రాయింగుల్లో సాయం చేసిన రే కైజర్‌ని 1941లో పెళ్లి చేసుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. ఇద్దరూ కలిసి అద్దె ఫ్లాట్‌లోనే ప్లైవుడ్ వంచే యంత్రం ఒకటి కట్టుకున్నారు. ప్లాస్టర్ అచ్చు, వేడికి కరెంటు తీగలు, పొరల్ని అచ్చుకేసి అదమడానికి ఒక రబ్బరు తిత్తి, దాంట్లోకి గాలి కొట్టడానికి సైకిల్ పంపు. పగలు చార్లెస్ సినిమా స్టూడియోలో ఉద్యోగం, రాత్రి ఇద్దరికీ ఈ పని. కుర్చీ గొడవ పక్కన పెట్టేసి ఈ చెక్క ఎంతవరకు వంగుతుంది, ఎక్కడ చిట్లుతుంది అన్నదే చూస్తూ పోయారు.

1942లో అమెరికా నౌకాదళానికి, విరిగిన కాళ్లకి కట్టే బద్దలు అవసరమయ్యాయి. వీళ్లు చార్లెస్ కాలినే అచ్చు తీసి ప్లైవుడ్ బద్ద చేశారు. దాని బొమ్మ ఒకసారి దగ్గరగా చూడు. చెక్క ఎక్కువగా వంగే చోట్ల చీలికలు, కన్నాలు ఉంటాయి. అవి ఉండబట్టే చెక్క చిట్లకుండా వంగింది. కట్టు గుడ్డ దూర్చి బిగించడానికి కూడా ఆ కన్నాలే పనికొచ్చాయి. యుద్ధం ముగిసేలోపు లక్షన్నర దాకా తయారయ్యాయి. యుద్ధం తర్వాత మళ్లీ కుర్చీ మొదలుపెట్టినప్పుడు వీపు ఆనుకునేది వేరు, కూర్చునేది వేరు చేసి, మధ్యలో ఇంకో ముక్కతో కలిపారు. ఒకే తొడుగన్న పాత కల మాత్రం 1950లో తీరింది. అప్పటికి అందుకు ఒప్పుకునే పదార్థం ఫైబర్‌గ్లాస్ రూపంలో దొరికింది. చూడగానే 'ఈమ్స్ శైలి' అని నువ్వనే ఆ మెత్తటి వంపు, చెక్కతో తగువుపడి, చెక్క దగ్గరే నేర్చుకున్నది.

నువ్వు కూడా ఏదో ఒక పదార్థంతో, ఏదో ఒక ఇబ్బందితో అలా తగువుపడాలి. జపాన్ బట్టల డిజైనర్ ఇస్సే మియాకే ఒకే గుడ్డ ముక్కకీ, మనిషి ఒంటికీ మధ్య సంబంధం ఏమిటన్నది పట్టుకుని దశాబ్దాలు తిరిగాడు. 1993లో వచ్చిన ఆయన మడతల బట్టలు ఎలా చేస్తారో తెలుసా? ముందు బట్టని కావలసిన దానికంటే రెండు మూడింతలు పెద్దగా కుట్టేస్తారు. ఆ తర్వాత కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్సులో మడతలు వేస్తారు. మామూలుగా మడతలు పెట్టిన గుడ్డ తెచ్చి కుడతారు, ఈయన వరస తిరగేశాడు. అంతకుముందు అలాంటి దుస్తుల్ని నాట్యం చేసేవాళ్లకి ఇచ్చి, గంతులేసి తిరిగినప్పుడు ఏమవుతుందో చూశాడు. నువ్వు కూడా నీ అక్షరాలు నాలాంటి వాళ్లకి ఇచ్చి చూడు.

ఒక మాట మాత్రం మెత్తగా చెప్పలేను. నీ సైటులో 'నా డిజైన్ సూత్రాలు' అని ఒక పేజీ పెట్టావే, అది తీసెయ్. మంచి డిజైన్ ఎలా ఉండాలో జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ చెప్పిన పది సూత్రాలు చూసి రాశావని తెలుస్తూనే ఉంది. ఆయన వడ్రంగం నేర్చుకుని, ఆర్కిటెక్చర్ చదివి, 1955లో బ్రౌన్ కంపెనీలో చేరాడు. రేడియోలు, రికార్డు ప్లేయర్లు, అలమరలు చేస్తూ పోయాడు. ఆ సూత్రాలు మాటల్లో పెట్టడం 1970ల చివర్లో మొదలైంది. అంటే ఇరవై ఏళ్ల పని ముందు, మాటలు తర్వాత. నువ్వు ఇప్పుడే సూత్రాలు రాసుకుంటే, రేపు ఒక మంచి పని వాటికి విరుద్ధంగా వచ్చినప్పుడు సూత్రాన్ని కాపాడుకోవడానికి పనిని పాడు చేస్తావు. నాతో పనిచేసిన ఒకాయనకి అలాగే అయింది. ఒక రకం బొమ్మలతో పేరొచ్చింది, క్లయింట్లు అదే అడిగారు, ఆయన అదే ఇచ్చారు. బొమ్మలు బాగానే ఉండేవి, ఆయనే నీరసపడిపోయారు. నువ్వు అలా అవుతావేమోనని నాకు లోలోపల దిగులు.

బాపు గారిది చూడగానే గుర్తుపడతాం కదా పెద్దమ్మా అంటావు, నాకు తెలుసు. నిజమే, ఆయన అక్షరాలు ఫాంట్లు కూడా అయ్యాయి. కానీ పత్రికలకి గడువులోపు బొమ్మలు గీసి, పేర్లు రాసి ఇస్తూ ఇస్తూ తయారైన చేయి అది. ఆ గీత మనకి దొరకాలని గంటల తరబడి దిద్దుకున్న కుర్రకారుని నేను బోలెడుమందిని చూశాను. దిద్దడం మంచిదే, చేయి తిరుగుతుంది. అక్కడే ఆగిపోకు.

పోగు చేసుకునే అలవాటు నీకుంది, దాన్ని మానకు. కాకపోతే ఇంకొకళ్ల డిజైన్ల ఫోటోలు తగ్గించి వస్తువులు పోగు చెయ్యి. ఇటలీ డిజైనర్ అకిలె కాస్తిల్యోని ఇంట్లో, ఆఫీసులో మామూలు వస్తువులు కుప్పలుగా ఉండేవి. పాఠం చెప్పడానికి వెళితే సంచిలో వేసుకెళ్లి పిల్లలకి చూపించేవాడు. 1962లో అన్న పియెర్ జాకొమోతో కలిసి చేసిన తొయో దీపం చూడు: పైన కారు హెడ్‌లైటు, తీగ పట్టుకోవడానికి గాలపు కర్రకుండే రింగులు, కింద ట్రాన్స్‌ఫార్మర్. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువే దీపాన్ని పడిపోకుండా నిలబెడుతుంది. వస్తువుని చేత్తో పట్టుకుని బరువు చూసినవాడికి తట్టే ఆలోచన అది. ఫోటోలో బరువు తెలీదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ ఎక్కడంటే, ఈ ఏడాదంతా నీకు 'ఇది బాలేదు' అని చెప్పే మనిషి ఉండడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తీసే నమూనా, గోడకి అంటించి, నన్ను తలుపు దగ్గర నిలబెట్టి చదవమనేవారు. నేను తడబడితే ఏమీ అనేవారు కాదు, ప్రూఫు పీకి నా చేతిలో పెట్టేవారు. ఆ పీకే చప్పుడు నాకిప్పటికీ గుర్తే. ఆయన లేకపోతే నాకు ఈ పని రాదు. పేరున్నవాళ్ల వెనక చూడు, చాలాచోట్ల అడ్డు చెప్పే మనిషి ఒకరు పక్కనే కనిపిస్తారు. ఈమ్స్ దంపతులు సరే, ఇటలీ డిజైనర్ మాసిమో విన్యెల్లి పక్కన భార్య లెల్లా ఉంది. బ్రిటన్ రోడ్ల గుర్తులు చేసిన జాక్ కినియర్ పక్కన ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న మార్గరెట్ కల్వర్ట్ ఉంది. బడి పిల్లల గుర్తులో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఆ అమ్మాయిని కల్వర్ట్ తన చిన్ననాటి రూపం చూసుకుని గీసింది. నువ్వొక్కదానివే గది తలుపు వేసుకుని కూర్చుంటే ఎలాగమ్మా?

అందుకని ఒక షరతు. వారానికి ఒక రోజు బయట ఎవరికైనా పనిచెయ్యి, డబ్బు తక్కువైనా సరే. ఆసుపత్రి బోర్డు కానీ, బస్సుల పట్టిక కానీ, ఏదో ఒకటి నిజంగా జనం చదివేది ఒప్పుకో. పెట్టాక వెళ్లి దాని పక్కన నిలబడి జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ వెనక్కి తిరిగి ఇంకొకళ్లని అడుగుతున్నారో చూడు.

నాకు నెలనెలా పని పంపు. పూర్తయినవి అక్కర్లేదు, కొట్టేసినవి పంపు. ఒక్కోదాని పక్కన ఎందుకు కొట్టేశావో ఒక ముక్క రాయి. చిన్నప్పుడు కాగితం చిరిగేదాకా చెరిపి మళ్లీ గీసేదానివి, అప్పుడే అనుకున్నాను ఈ పిల్లకి ఈ పని వస్తుందని. ఆ కారణాలన్నీ నేను వరసగా దాచి పెడతాను, ఏడాది చివర ఇద్దరం కూర్చుని చదువుదాం. వాటిలో ఏ మాట పదే పదే వస్తుందో చూడాలి. ఆ కాగితాల మీద రాత మాత్రం నల్ల సిరాతో, కాస్త పెద్దగా ఉండాలి.

మీ అమ్మకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. నాకంటే అది ఎక్కువ కంగారు పడుతోంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ