నాలుగుకు రెండు లెక్క ఇవ్వొద్దు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. ఏమైందో ఏమోనని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే అది సంతోషమంట. డీఎస్సీలో నీకు ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) మ్యాథ్స్ వచ్చిందని, కౌన్సెలింగ్‌లో కోసిగి వైపు ఊరు ఎంచుకున్నావని చెప్పింది. "ఎవరూ అడగని ఊరు ఇదే అడిగి తీసుకునిందక్కా" అని తిట్టిందో పొగిడిందో నాకు అర్థం కాలేదు. సోమవారం ఎనిమిదో తరగతికి ఏకపదుల (4ఎ⁴ లాగ ఒకే పదం ఉండేవాటి) భాగహారంతో మొదలుపెడుతున్నావని కూడా చెప్పింది. ఇంక నాకు నిద్ర ఎక్కడిది? తెల్లారుజామున లేచి ఇది రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. నవ్వొద్దు. నేను చేరిన మొదటి బడిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు తాగి, సాయంత్రం ఇంటికొచ్చే దాకా గొంతు తడుపుకునేదాన్ని కాదు. అట్ల ఆరేళ్లు. ఆ తర్వాత కిడ్నీలో రాయి, కర్నూలు పెద్దాసుపత్రిలో పది రోజులు. నీ బడిలో ఎట్లుందో మొదటిరోజే చూసుకో. లేకుంటే హెడ్మాస్టరును అడుగు, సిగ్గుపడొద్దు. చివరి బస్సు ఎన్నింటికో కనుక్కో. దాని ముందు బస్సుకే రా.

పాఠం ముందురోజు చూసుకోవడం, చివరి బెంచీకి కనపడేట్టు రాయడం ఇవన్నీ బీఈడీలోనే నేర్చుంటావు. ఏడో తరగతిలో చదివిన ఘాతాంకాలు, అదే పవర్లు, సగంమందికి గుర్తుండవు, ఒకరోజు దానికే పెట్టుకో.

ఇంగ అసలు విషయం. 1991లో, నా ఉద్యోగం మూడో ఏడు, ఇదే పాఠం చెప్పినా. పిల్లలు పెద్ద అంకెలు చూస్తే జడుసుకుంటారని బోర్డు మీద మొదటి లెక్క చిన్నది వేసినా: 4ఎ⁴ ÷ 2ఎ². గుణకాలను, అంటే ముందరుండే అంకెలను, భాగించాలి, ఘాతాంకాలను తీసివేయాలి అని చెప్పి 2ఎ² అని రాసినా. ఇంటికి అట్లాంటివే ఇచ్చినా. 4బి⁴ ÷ 2బి², ఎ⁴ ÷ ఎ², అన్నీ నాలుగూ రెండూ. మర్నాడు నోటుబుక్కులు చూస్తే అందరివీ రైటే. రెండో బెంచీలో ఒక పిల్లోడు, గోచీ కట్టుకొని పొలం పోయే ఇంటి నుంచి వచ్చినోడు, చేతిరాత ముత్యాల్లాగ ఉండేది. వాని పుస్తకంలో ఎర్రసిరాతో 'గుడ్' అని రాసి కింద గీత కూడా గీసినా.

అర్ధసంవత్సర పరీక్షకు పేపరు బయటి నుంచి వచ్చింది. అందులో 18ఎ⁶ ÷ 3ఎ² ఇచ్చినారు. ఆ పిల్లోడు 15ఎ³ అని రాసినాడు. పేపర్లు పంచేటప్పుడు నిలబెట్టి, "తలకాయ యాడ పెట్టుకున్నావురా?" అని అందరి ముందర అరిచినా. వాడు ఏడ్వలేదు. మెల్లగా సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆ 'గుడ్' ఉన్న పేజీ నా ముందర పెట్టినాడు. "ఇట్లనే చేసినా మేడం. ముందర అంకెలు తీసివేసినా, పవర్లు భాగించినా. మీరే గుడ్ అన్నారు" అన్నాడు.

నిలబడి ఆ పేజీ చూసినా. నాలుగులో రెండు తీస్తే రెండు. నాలుగును రెండుతో భాగిస్తే రెండు. గుణకాలు తీసినా, భాగించినా, ఘాతాంకాలు తీసినా, భాగించినా, ఎట్ల చేసినా జవాబు 2ఎ²నే. వాడు రెండూ తలకిందులు చేసినాడు. నేను రైటు కొట్టినా. క్లాసులో ఇంకెంతమంది అట్లనే చేస్తున్నారో నాకు తెలిసే దారే లేకుండా నేనే మూసేసినా.

అప్పుడే ఒప్పుకుని ఉండొచ్చు. ఒప్పుకోలేదు. "సరే, కూర్చో" అని నోటుబుక్కు మాత్రం నా దగ్గర పెట్టుకున్నా. సోమవారం వాన్ని ముందర నిలబెట్టి, తప్పు నాదని చెబుదామని అనుకున్నా. ఆదివారం రాత్రే వాళ్లమ్మ, నాయన, చెల్లెలు, వాడు లారీ ఎక్కి గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయినారంట. ఉగాదికి ఊరికొచ్చినారు, వాడు బడికి మాత్రం రాలేదు. ఇంటికి పోయి పిలిచినా. వాళ్ల నాయన, "లెక్కలు రావంట కదమ్మా వానికి" అన్నాడు.

అందుకే చెబుతున్నా, మొదటి లెక్కనే 12ఎ⁶ ÷ 3ఎ² వెయ్యి. సరిగా చేస్తే 4ఎ⁴. రెండూ తీసివేస్తే 9ఎ⁴, రెండూ భాగిస్తే 4ఎ³, తలకిందులు చేస్తే 9ఎ³. నాలుగు దారులకు నాలుగు జవాబులు. పుస్తకం తెరవగానే ఎవరు ఏ సందులో తిరిగినారో తెలిసిపోతుంది. తిట్టే పనే ఉండదు.

సూత్రం మొదటిరోజే చెప్పొద్దు. పైన ఆరు ఎ-లు, కింద రెండు ఎ-లు గుణకార గుర్తులతో సహా విప్పి రాయించు, వాళ్లే లెక్కపెట్టుకుంటారు. చెయ్యి నొప్పి పుట్టి, "మేడం, ఇంతకంటే సులువు లేదా?" అని ఎవడో అడుగుతాడు. అప్పుడు చెప్పు.

జవాబు సరిచూసుకోవడం కూడా నేర్పు. ఎ బదులు 2 పెట్టమను. పైన 12 × 64, అంటే 768. కింద 3 × 4, అంటే 12. భాగిస్తే 64. 4ఎ⁴లో 2 పెట్టినా 64నే. 9ఎ³లో పెడితే 72 వస్తుంది, దొరికిపోతాడు. కానీ ఎ బదులు 1 పెట్టనియ్యొద్దు, ఒకటికి ఏ ఘాతమైనా ఒకటే, మళ్లీ నా కథే అవుతుంది.

ఇంకొకటి. 'కొట్టెయ్' అనే మాట. ఎ³ కింద ఎ³ ఉంటే కొట్టేసి సున్నా రాస్తారు. "అంతా పోయింది కదా మేడం!" అంటారు. వాళ్ల తప్పేముంది, పోయిందన్నది మనమే. గీత కొట్టిన ప్రతిచోటా పక్కన చిన్న 1 వేయించు. ఏడాదంతా విసుగనిపించినా వేయించు.

దీపావళి దాటినాక హాజరుపట్టీ వారం వారం చూసుకో. మీ పక్క ఇప్పటికీ కూలిపనులకు వలస పోతూనే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికి పో, సోమవారం దాకా ఆగొద్దు. ఒక్కదానివే పోవద్దు కానీ, బడి ఆయాను తోడు తీసుకుపో.

మీ అమ్మ ఆదివారం వస్తూ ఒక సంచి తెస్తుంది. అందులో ఆ నోటుబుక్కు ఉంది, పాత చీర గుడ్డలో చుట్టినా. పిల్లలకు చూపించొద్దు, నీ దగ్గరే ఉంచుకో. చనగకాయల పొడి ఒక డబ్బా. లీటరు పట్టే స్టీలు బాటిలు ఒకటి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది ఖాళీగా ఉండాల. ఫోన్ చేసి రోజూ అడుగుతా.

మీ పెద్దమ్మ