విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని ఆర్కైవ్స్, ప్రత్యేక సేకరణల విభాగంలో ఏముంటాయి?

ఆర్కైవ్స్‌లో ప్రధానంగా ఆ విశ్వవిద్యాలయం తన పనిలో భాగంగా సృష్టించుకున్న రికార్డులు చేరుతాయి: పాలకమండలి సమావేశాల మినిట్స్, శాఖల ఉత్తరప్రత్యుత్తరాలు, స్నాతకోత్సవాల ఛాయాచిత్రాలు, విద్యార్థి పత్రికలు, ఇప్పుడు ఈమెయిళ్లు కూడా. ప్రత్యేక సేకరణలు ఎక్కువగా బయటినుంచి, దానంగానో కొనుగోలుగానో వస్తాయి. అరుదైన ముద్రిత గ్రంథాలు, రాతప్రతులు, పటాలు, రచయితల, శాస్త్రవేత్తల వ్యక్తిగత పత్రాలు వీటిలో ఉంటాయి. అచ్చయిన పుస్తకంకన్నా కొట్టివేతలతో నిండిన దాని చిత్తుప్రతే నాకు విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఆలోచన ఏ దారిన మారిందో అందులో కనిపిస్తుంది. ఒకరి పత్రాలను మరొకరివాటితో కలపకుండా, సాధ్యమైనంతవరకు వారు ఉంచుకున్న వరుసలోనే భద్రపరచడం ఆర్కైవ్స్ మూలసూత్రం. ఏ ఉత్తరం పక్కన ఏ రసీదు ఉన్నదన్నది కూడా సాక్ష్యమే. సాధారణంగా వీటిని ఇంటికి ఇవ్వరు; పర్యవేక్షణ ఉన్న పఠనమందిరంలోనే, కలం బదులు పెన్సిలుతో నోట్సు రాసుకుంటూ చదవాలి.