అమెరికా ఓటు, భీమవరం చెరువు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు
2025 నవంబరు చివరి వారం

ప్రశ్న: అయ్యా, ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఓడిపోయే ఎన్నికను ప్రజాస్వామ్యమని పిల్లలకు ఎలా చెప్పమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, అమెరికా వారు అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకోరు. వారు ఎన్నుకొనేది 538 మంది ఎలక్టర్లను. వారిలో 270 మంది ఎటుంటే పదవి అటు. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన రాష్ట్రాలన్నిటిలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ గెలిచినవారి ఖాతాలోకే పోతారు. అందుకే 2000లో అల్ గోర్‌కు అయిదు లక్షలకు పైగా, 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా పదవి రాలేదు.

ఇంకొక లెక్క చూడండి. 2020 జనగణన ప్రకారం వయోమింగ్ జనాభా 5.77 లక్షలు, అంటే మీ కోనసీమ జిల్లా జనంలో మూడో వంతు. ఆ రాష్ట్రానికి ముగ్గురు ఎలక్టర్లు, 3.95 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకు 54 మంది. భాగహారం చేస్తే వయోమింగ్ ఓటు కాలిఫోర్నియా ఓటుకు దాదాపు నాలుగు రెట్లు బరువు తూగుతుంది. 1787లో చిన్న రాష్ట్రాలను బుజ్జగించి కలుపుకోవడానికి అక్కడి పెద్దల సభ సెనేట్‌లో అందరికీ రెండేసి స్థానాలు ఇచ్చారు. ఎలక్టర్ల సంఖ్యను రెండు సభల స్థానాలు కలిపి లెక్కగట్టడంతో ఆ ముడి ఇక్కడికీ పాకింది. అయితే పిల్లలకు చెప్పేటప్పుడు మన సంగతీ దాచవద్దు. 2024లో మన శాసనసభ ఎన్నికల్లో దాదాపు 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి 175లో దక్కినవి 11 స్థానాలే.

ప్రశ్న: విమానాలు రద్దవుతున్నాయని మా అమ్మాయి అమెరికా నుంచి ఫోనులో చెప్పింది. అంత డబ్బున్న ప్రభుత్వం జీతాలివ్వలేక మూతపడడమేమిటండీ?
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: డబ్బు లేక కాదమ్మా, బీరువా తీయడానికి అనుమతి లేక. అక్కడ అక్టోబరు 1తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, ఆలోగా కాంగ్రెస్ (వారి పార్లమెంటు) ఖర్చుల బిల్లు ఆమోదించాలి. సెనేట్‌లో అటువంటి బిల్లు ముందుకు కదలడానికి వందలో 60 ఓట్లు కావాలి, అధికార పక్షానికి ఉన్నవి 53. ఆరోగ్య బీమా రాయితీల మీద రెండు పక్షాలూ పట్టు విడవకపోవడంతో 2025 నవంబరు 12 వరకు, 43 రోజులు తాళం పడింది. అప్పటివరకు అమెరికా చరిత్రలో ఇంత దీర్ఘమైన మూత ఇంకొకటి లేదు. విమానాలను దించే కంట్రోలర్లు జీతం లేకుండానే విధులకు రావలసి వచ్చింది, చివరికి 40 విమానాశ్రయాల్లో రాకపోకలను తగ్గించవలసి వచ్చింది. మన లోక్‌సభలో ఖర్చుల బిల్లు వీగిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి. అక్కడ అధ్యక్షుడికి గానీ సభ్యులకు గానీ ఆ భయం లేదు, సభ్యుల జీతాలూ ఆగవు.

ప్రశ్న: నాది నాలుగెకరాల వనామీ చెరువు. ఆగస్టులో అమెరికా సుంకం పెంచిందన్న వార్త వచ్చిన సాయంత్రమే కొనేవాళ్లు రేటు కోసేశారు. నా రొయ్య అప్పటికింకా నీళ్లలోనే ఉంది. ఆ సుంకం కట్టేది అసలు ఎవరు? ట్రంప్ ఒక్కడే ఎలా వేయగలిగాడు?
– ఒక రొయ్యల రైతు, భీమవరం

జవాబు: కాగితం మీద ఆ సుంకం కట్టేది మీరూ కాదు, మీ దగ్గర కొన్న ప్లాంటూ కాదు, అమెరికా రేవులో సరుకు దించుకునే దిగుమతిదారు. ఆయన అందులో కొంత అక్కడి కొనుగోలుదారు పళ్లెంలోకి నెట్టి, మిగిలింది మన ఎగుమతిదారును తగ్గించుకోమంటాడు. ఎగుమతిదారు ప్లాంటు రేటు తగ్గిస్తాడు, ఏజెంటు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు తగ్గిస్తాడు, ఆ తరువాత తగ్గించడానికి ఎవరూ మిగలక ఆ బరువు మీ గట్టు మీదికి వచ్చి ఆగుతుంది. తెల్లవారుజామున చెక్ ట్రే పైకి లాగి మేత తిన్నదీ లేనిదీ చూసే మీకు నేను వేరే చెప్పనక్కరలేదు: చెరువులో ఉన్న రొయ్య రోజూ మేత తింటుంది, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు రోజూ కరెంటు తాగుతాయి, తెల్లమచ్చ తెగులు ఏ రాత్రి వస్తుందో తెలియదు. బేరంలో వేచి ఉండగలిగినవాడిదే పైచేయి, ఆ అవకాశం మీకొక్కరికే లేదు.

ఇక లెక్క. 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం పడింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 27 నుంచి మరో 25 శాతం కలిసింది. సరుకును మరీ చవకగా అమ్ముతున్నారంటూ వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీలకు విరుగుడుగా వేసే సుంకం కూడా కలిపితే మన రొయ్య మీద 58 శాతం దాటింది. భీమవరంలో ఎవరూ రష్యా చమురు కొనలేదని నాకు తెలుసు. అదే సమయంలో అమెరికాకు మనకంటే ఎంతో దగ్గరగా ఉన్న ఈక్వెడార్ రొయ్య మీద కొత్తగా పడింది 15 శాతమే.

మీ రెండో ప్రశ్నను అమెరికా కోర్టులే అడిగాయి. పన్నులు, సుంకాలు వేసే అధికారాన్ని వారి రాజ్యాంగం మొదటి అధికరణంలోనే కాంగ్రెస్‌కు ఇచ్చింది. ట్రంప్ మాత్రం అత్యవసర పరిస్థితుల కోసం 1977లో చేసిన చట్టాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ చట్టంలో దిగుమతులను ‘నియంత్రించడం’ అన్న మాట ఉంది గానీ సుంకం అన్న మాట లేదు. 2025 నవంబరు 5న అక్కడి సుప్రీంకోర్టులో వాదనలు జరిగినప్పుడు ఆయన స్వయంగా నియమించిన వారితో సహా పలువురు న్యాయమూర్తులు గట్టి ప్రశ్నలే వేశారు. 2025 నవంబరు చివరినాటికి తీర్పు రాలేదు. ఒకవేళ సుంకం చెల్లదన్నా, తిరిగి వచ్చే డబ్బు కట్టినట్టు రశీదు ఉన్న దిగుమతిదారుకే వస్తుంది. ఆగస్టులో మీకు కోసిన రేటుకు రశీదు ఎవరూ ఇవ్వలేదు కదా.

ప్రశ్న: ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ గారి భార్య ఉష గారి పూర్వీకులది మా పక్కనున్న వడ్లూరే. మన ఆడపడుచు ద్వారా రొయ్య రైతుల కష్టం ఆ ఇంట్లో చెప్పించలేమా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కాలిఫోర్నియాలో. భర్త గెలిచినప్పుడు వడ్లూరులో పండగ చేసుకున్న మాట నిజమే. అయితే 2025 ఏప్రిల్‌లో పిల్లలతో సహా మన దేశానికి వచ్చినప్పుడు ఆ దంపతులు ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసి వెళ్లారు, గోదావరి దాటలేదు. నాలుగు నెలలకే ఆ ప్రభుత్వం నుంచే ఈ సుంకం వచ్చింది. చుట్టరికం చెప్పుకోవడానికి ఖర్చు లేదు కనుక చెప్పుకోండి.

సారె పంపాలని ఉంటే ఆత్రేయపురం పూతరేకులు శ్రేష్ఠం. ఆగస్టు 25న ఆపేసిన అమెరికా పార్సిళ్లను మన తపాలా శాఖ అక్టోబరు 15 నుంచి మళ్లీ తీసుకుంటోంది. 100 డాలర్ల లోపు కానుకకు సుంకం ఉండదు కాబట్టి, పెట్టె మీద అతికించే కాగితంలో నెయ్యి ఖర్చు కూడా కలిపి విలువ ఆ లోపే ఉండేలా చూసుకోండి.